చందాల కంటే ముందు కాగితాలు చూడు తమ్మీ

తమ్మీ,

మన ఊరి పిల్లల కాలేజీ ఫీజుల కోసం హైదరాబాద్‌లో దోస్తులంతా చందాలు వేసుకుంటున్నారని రాశావు, చాలా సంతోషమైంది. హనుమకొండలో ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు చదువు చెప్పినదాన్ని కాబట్టి ఒక మాట వినండి, ఆ డబ్బంతా ఫీజులకే పెట్టకండి. మన దగ్గర తెలివైన పిల్లలు పరీక్షలో పోయేది తక్కువ. రిజల్ట్‌కూ అడ్మిషన్‌కూ మధ్య నెలల్లోనే ఎక్కువమంది జారిపోతారు.

ఇంటర్ రిజల్ట్ రాగానే ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటికొచ్చి, "సర్కారు కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి మేం చూసుకుంటాం, మెమోలు ఇవ్వండి" అంటారు. కూలికి పోయే తల్లిదండ్రులు నమ్మి ఒరిజినల్స్ చేతిలో పెడతారు. కౌన్సెలింగ్ లేకుండా కాలేజీ వాళ్లే సీటిచ్చే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ రాదని వాళ్లకు చెప్పే మనిషే ఉండడు. ఆ మనిషివి నువ్వు కావాలి.

ఎండాకాలం మొదలుకాకముందే ఒక ఆదివారం ఊరికి వచ్చి ప్రతి పిల్ల కాగితాలూ ముందేసుకుని చూడు. టెన్త్ మెమోలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే స్కాలర్‌షిప్ అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది. ఆదాయం, కులం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీయించు, కౌన్సెలింగ్ రోజుల్లో ఎంఆర్వో ఆఫీసు దగ్గర తిరగలేరు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు ఉందో లేదో చూడు. ఇంకోటి, నెట్ సెంటర్‌లో అప్లై చేసేటప్పుడు ఫోన్ నంబరు పిల్లవాడిదో, ఇంట్లో వాళ్లదో ఇవ్వాలి. సెంటర్ వాడి నంబరు ఇస్తే ఓటీపీ అతనికే పోతుంది, ఆఖరి రోజు అతను ఫోన్ ఎత్తకపోతే సీటు పోయినట్టే. డిగ్రీ సీట్లిచ్చే దోస్త్ వెబ్‌సైట్‌లోనైనా, ఇంజినీరింగ్ సీట్ల ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లోనైనా కాలేజీల ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కన కూర్చో, నాలుగు కాలేజీలు పెట్టి లేచిపోతారు, ఏదీ రాదు.

మన పిల్లలు కాజీపేట రోడ్డు మీద కేంద్ర ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ ఎన్ఐటీ గేటు ముందు నుంచే రోజూ బస్సులో పోతూ అది మనది కాదనుకుంటారు. అక్కడ ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల దాకా ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ పిల్లలకైతే ఆదాయంతో పనిలేకుండా పూర్తి మాఫీ. సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. అక్కడి సీటుకు రాసే జేఈఈ మెయిన్ పరీక్ష రాయమని ఎవరూ చెప్పకపోతే ఇవన్నీ ఉండి ఏం లాభం?

ఆడపిల్లల విషయంలో ఫీజు కంటే భయమే పెద్దది. తల్లినీ బిడ్డనూ కలిపి హనుమకొండలో హాస్టల్ చూడటానికి పంపు, ఆర్టీసీ బస్సులో ఆడవాళ్లకు జీరో టికెటే కదా, ఖర్చు లేదు. వార్డెన్‌తో మాట్లాడి, గదులు చూసి, అక్కడే చదివే మన వైపు పిల్లతో నాలుగు మాటలు మాట్లాడితే తల్లే నాన్నను ఒప్పిస్తుంది. నేను చూసిన చాలా ఇళ్లలో అట్లాగే జరిగింది.

చందా డబ్బు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై కాలేజీ వాళ్లు సర్టిఫికెట్లు ఆపినప్పుడు, మెస్ డిపాజిట్ కట్టాల్సి వచ్చినప్పుడు వాడండి. అలాంటి రోజు 5 వేలు చేతిలో లేక చదువు మానేసినవాళ్లున్నారు.

ఈసారి వచ్చినప్పుడు హైస్కూల్ హెచ్ఎంనూ కలువు. ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్షకు ఎంతమందితో అప్లై చేయిస్తున్నారో అడుగు. సెలెక్ట్ అయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు వస్తాయి, తల్లిదండ్రులు మధ్యలో మాన్పించరు. కాగితాల్లో ఎక్కడైనా చిక్కు వస్తే ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి, చూసి చెప్తా.

మీ మేడమ్