అత్తగారి పింఛను ఆగిన విషయమై సుజాతకు

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

మీ అత్తగారి వితంతు పింఛను ఆగిపోయిందనీ, గ్రామ సచివాలయంలో అడిగితే "పైనుంచే ఆపేశారు" అని పంపించేస్తున్నారనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. మండల పరిషత్ కార్యాలయంలో చాలా ఏళ్లు పింఛన్ల సీటు చూసినవాణ్ణి కనుక ముందే చెబుతున్నాను, "పైనుంచి" అన్నది కారణం కాదు. అసలు కారణం వాళ్ల కంప్యూటర్ లాగిన్‌లో కనబడుతుంది. అదేమిటో తెలియకుండా ఎమ్మెల్యే గారి ఇంటికీ కలెక్టరాఫీసుకూ తిరిగితే ఆటో ఖర్చులు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

కాబట్టి ముందుగా వెల్ఫేర్ అసిస్టెంటును కలిసి, అత్తగారి ఆధార్ నంబరు కొట్టించి, స్థితి ఏమని చూపిస్తోందో నీ కళ్లతో చూడు. ఒకటో తేదీన ఆమె ఊళ్లో లేక తీసుకోలేదా, తాత్కాలికంగా నిలిపివేశారా, అనర్హత కింద తొలగించారా అన్నది అక్కడే తేలుతుంది. మొదటిదైతే కంగారు అక్కర్లేదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో బకాయితో కలిపి, అంటే నెలకు 4,000 చొప్పున 12,000 రూపాయలు ఇచ్చే వెసులుబాటు మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 చివర్లో వచ్చింది. మూడో నెల కూడా తప్పిందంటే మాత్రం శాశ్వతంగా వలస పోయినట్టు లెక్కగట్టి ఆపేస్తారు. అప్పుడు ఊళ్లోనే ఉంటున్నట్టు అర్జీ పెట్టుకోవాలి. ఆమె మీ ఆడపడుచు ఇంట్లో ఉండి వచ్చిందని రాశావు కనుక దీన్ని ముందు చూడమంటున్నాను.

తొలగించినట్టు ఉంటే, ఏ నిబంధన కింద తొలగించారో కనుక్కో. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించినా, ఇంటి కరెంటు వాడకం ఏడాది సగటున నెలకు 300 యూనిట్లు దాటినా, నాలుగు చక్రాల సొంత వాహనం ఉన్నా, కుటుంబంలో ప్రభుత్వోద్యోగి గానీ ఆదాయపు పన్ను కట్టేవారు గానీ ఉన్నా అనర్హత కింద చూపిస్తుంది. ఇవన్నీ వేర్వేరు శాఖల లెక్కల నుంచి ఆధార్ ఆధారంగా వచ్చి పడేవే. అందువల్ల తప్పు పుట్టిన చోటనే దాన్ని దిద్దించాలి. పింఛను గుమాస్తా ఎంత మంచివాడైనా రెవెన్యూ రికార్డునో కరెంటు రికార్డునో మార్చలేడు.

నేను ఎక్కువగా చూసింది కరెంటు తగాదాయే. ఎప్పుడో అద్దెకున్న ఇంటి మీటరుకో, పొరపాటున ఇంకెవరి దుకాణం మీటరుకో ఈమె ఆధార్ జతపడి ఉంటుంది, ఆ యూనిట్లన్నీ ఈమె ఖాతాలో పడతాయి. సచివాలయంలో చూపించే సర్వీసు నంబరును కాగితం మీద రాసుకుని, మీ ఇంటి బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరుతో అంకె అంకె సరిపోల్చు. తేడా ఉంటే పన్నెండు నెలల బిల్లులు, ఆధార్ జిరాక్సు పట్టుకుని విద్యుత్ సబ్ డివిజన్ కార్యాలయంలో ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు) గారికి అర్జీ ఇచ్చి, ఆ సర్వీసు నుంచి ఆధార్ తొలగించినట్టు కాగితం తీసుకో. భూమి విషయమైతే వీఆర్వో ద్వారా తహసీల్దారు దగ్గరకు వెళ్లాలి.

ఇక మీ ఆయన కారు. దాన్ని అమ్మేశామని అంటున్నావు కానీ కొన్నవాడు ఆర్సీ తన పేరు మీదికి మార్పించుకున్నాడా? మన వాళ్లు డబ్బు చేతిలో పడగానే ఆ సంగతే మరిచిపోతారు. రవాణా శాఖ రికార్డులో మీ ఆయన పేరే ఉన్నంతకాలం కారు మీదే. బదిలీ పూర్తి చేయించి ఆ కాగితం జతచేయి. ట్యాక్సీగా రిజిస్టరైన బండి అయితే మినహాయింపు ఉంది. నిజంగా కారు మీదే అయి సొంతానికి వాడుకుంటూ ఉంటే మాత్రం, నా మాట కటువుగా అనిపించినా సరే, అర్జీ నిలవదు.

రుజువులు చేతికి వచ్చాక ఎంపీడీవో గారి పేర అర్జీ రాయి. పింఛను ఐడీ, ఆగిన నెల, వాళ్లు చెప్పిన కారణం, అది ఎందుకు తప్పో రెండు వాక్యాల్లో రాసి, పింఛను పునరుద్ధరించి ఆగిన నెలల సొమ్ము కూడా ఇప్పించవలసిందిగా స్పష్టంగా కోరు. ఆ బకాయి మాట నువ్వు రాయకపోతే ఎవరూ గుర్తు చేయరు. రెండో ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలవద్దు. "కొత్తగా దరఖాస్తు పెట్టుకోండి" అని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే ఒప్పుకోకు. అది కొత్త మంజూరు కింద పోతుంది, పాత హక్కు గురించి అడిగే దారి మూసుకుపోతుంది. ఇక పని చేసిపెడతానని డబ్బు అడిగేవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వకు.

అక్కడ కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇదే అర్జీ ఇచ్చి రసీదు నంబరు తీసుకో, లేదా ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కు ఫోన్ చేసి నమోదు చేయించు. సమస్య తీరకుండానే పరిష్కరించినట్టు ఫోనుకు సందేశం వస్తే ఊరుకోక, మళ్లీ తెరవమని అడుగు. కారణమే చెప్పనంటే సమాచార హక్కు చట్టం, 2005 కింద మండల కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, తొలగింపు ఉత్తర్వు నకలు, ముందుగా నోటీసు ఇచ్చి ఉంటే దాని నకలు కోరు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్న వారికి రుసుము లేదు, కనుక బియ్యం కార్డు నకలు జతచేసి, దరఖాస్తు అత్తగారి పేరనే పెట్టు. అంతదాకా వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

ఆమెను ప్రతిసారీ వెంట తిప్పవద్దు. వేలిముద్ర గానీ ముఖం ఫొటో గానీ కావలసిన రోజు ఏదో ముందే కనుక్కుని ఆ ఒక్క రోజే తీసుకెళ్లు. లాగిన్‌లో కనిపించిన కారణం ఉన్నదున్నట్టుగా రాసి పంపితే అర్జీ చిత్తుప్రతి నేనే రాసిస్తాను.

ఇట్లు,
పెదనాన్న