చెరువుకు నీళ్లొచ్చే వంకను పైప్‌లైన్ కోసేస్తే ఎక్కడ అడగాలి?

ప్రశ్న: మాది కడప జిల్లాలో మెట్ట గ్రామం. గ్యాస్ పైప్‌లైన్ నా మూడెకరాల మీదుగా, ఊరి చెరువుకు నీళ్లొచ్చే వంకను కోసుకుంటూ పోయింది. పంటకు చెక్కు ఇచ్చి సంతకం పెట్టించుకున్నారు. కందకం పూడ్చి నాలుగు నెలలైంది. మొన్నటి వానకు వంకనీళ్లు చెరువు చేరలేదు, పూడ్చిన కందకం వెంబడి పక్కకు పోయాయి. పక్కనున్న మంచినీటి బోరులో బురద వస్తోంది. స్టే తెచ్చుకోవచ్చా?

జవాబు: స్టే మాట వదిలేయండి. పైపు వేసి పూడ్చాక ఆపడానికి ఏముంది? బాగుచేయమని, నష్టం కట్టమని అడగాలి. అదీ సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా వేసి కాదు. ఇక్కడ చాలామంది ముందు అదే వేసి, కోర్టుకు పరిధి లేదని తేలేసరికి అసలు గడువు పోగొట్టుకుంటారు. మీ పొలం సంగతి వేరు, ఊరి నీళ్ల సంగతి వేరు. రెంటినీ ఒకే అర్జీలో కలపకండి.

పొలానికి వర్తించేది 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైప్‌లైన్ల చట్టం. భూమి మీదే, దాని కింద వాడుకునే హక్కు మాత్రమే పోయింది. నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లో చెప్పాల్సిన అభ్యంతరం గడువు ఎలాగూ దాటింది. పరిహారం మాత్రం మిగిలే ఉంది. సెక్షన్ 10 ప్రకారం నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో పది శాతం, పంటకు, చెట్లకు వేరుగా, ఇతర ఆస్తికి, సంపాదనకు కలిగిన నష్టం మరీ వేరుగా రావాలి. పైపు కోసం హక్కు తీసుకున్న 18 మీటర్ల వెడల్పు పట్టీ మీ పొలంలో 100 మీటర్లు పోయిందనుకోండి, సుమారు 44 సెంట్లు. ఎకరా పది లక్షలైతే విలువ 4.4 లక్షలు, మీకొచ్చేది 44 వేలు. మీరు తీసుకున్న చెక్కు ఏ పద్దుకో రసీదులో చూడండి. కాంపిటెంట్ అథారిటీ (ఈ చట్టం కింద పరిహారం తేల్చే అధికారి) తేల్చిన మొత్తం చాలదనిపిస్తే, ఆ సమాచారం అందిన 90 రోజుల్లోపు జిల్లా జడ్జికి దరఖాస్తు చేయాలి. ఇంకొకటి: ఆ పట్టీలో ఇకమీదట బావి, నీటిగుంట తవ్వకూడదు, చెట్టు నాటకూడదు.

ఊరి నీళ్లకు వెళ్లాల్సింది చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి. అక్కడ వెట్‌ల్యాండ్ (చిత్తడి నేలల) నిబంధనల మీద ఆధారపడకండి. 2017 నిబంధనల నిర్వచనం నుంచి సేద్యం కోసం, తాగునీటి కోసం కట్టిన జలాశయాలను మినహాయించారు, కాబట్టి మీ చెరువు దాదాపు ఖాయంగా బయటే ఉంటుంది. పర్యావరణ అనుమతి లేదన్న వాదనా నిలవదు. పర్యావరణ అనుమతుల 2006 నోటిఫికేషన్‌లో గ్యాస్ లైన్లకు ఆ అనుమతి అభయారణ్యాల వంటి చోట్లకే కావాలి, మీ జిల్లాలోని లంకమల అభయారణ్యం గుండా పోతే వేరే మాట. వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం తహశీల్దారు దగ్గర పనికొస్తుంది గానీ, ట్రిబ్యునల్ విచారించగల చట్టాల పట్టికలో అది లేదు. అర్జీ నీటి కాలుష్య చట్టం 1974 (ముఖ్యంగా సెక్షన్ 24), పర్యావరణ పరిరక్షణ చట్టం 1986 మీద నిలబడాలి.

ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి గడువు ఆరు నెలలు. నాలుగు అయిపోయాయి. సరైన కారణం చూపితే మరో 60 రోజులిస్తారు, ఆపైన ఇచ్చే అధికారం ట్రిబ్యునల్‌కే లేదు. పరిహారం, పునరుద్ధరణ అడిగే ట్రిబ్యునల్ చట్టం సెక్షన్ 15కు ఐదేళ్లుంది కదా అని కూర్చోకండి. మీ ఆధారాలు నేలలో ఉన్నాయి, వచ్చే వానకు మారిపోతాయి.

ఏం జరిగి ఉంటుందో చెబుతాను, ఆధారాలు దాన్నిబట్టే సేకరించాలి. పైపు చుట్టూ వేసిన ఇసుక, వదులు మట్టి కలిసి కందకాన్ని భూమిలోపలి కాలువలా మార్చేస్తాయి. వంకకు రెండు వైపులా బంకమట్టి అడ్డుకట్టలు వేయకపోతే నీళ్లు చెరువు వైపు కాక కందకం వెంట పోతాయి. పూడ్చిన చోట మట్టి పైకి లేచినా ఇబ్బందే. వెయ్యి మీటర్లకు అర మీటరు వాలున్న వంకలో పది సెంటీమీటర్ల దిబ్బ నీటిని 200 మీటర్లు వెనక్కి నిలబెడుతుంది. నల్లరేగడి అయితే మట్టి కుంగి గాడి పడుతుంది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువు దోషాల్లో నీళ్లు తక్కువ, నేల ఎక్కువ కావడాన్ని కూడా లెక్కపెట్టింది. మీ చెరువు ఆ దారిలోనే ఉంది.

అందుకే ఈ వారంలోనే జలవనరుల శాఖ ఏఈని (అసిస్టెంట్ ఇంజనీరును) పిలిపించి, పైపు వంకను దాటే చోటు (దాటుడు)కు పైన, దాటుడు దగ్గర, కింద వంక అడుగు మట్టాలు తీయించండి. నీటి సంఘం ఉంటే దాని చేత రాతపూర్వకంగా అడిగించండి. పైప్‌లైన్ రాళ్ల మీది చైనేజీ (దూరం చూపే) నంబరు కనిపించేలా ఫొటోలు తీయండి. వంక దాటడానికి ఇచ్చిన అనుమతి పత్రం, దాని షరతులు సమాచార హక్కు కింద అడగండి.

బోరు నీళ్ల నమూనాలు మూడు చోట్ల: చెడిన బోరు, పైప్‌కు దూరంగా ఉన్న బోరు, చెరువు. గుర్తింపున్న ల్యాబ్‌కే ఇవ్వండి. మడ్డితనం, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు), నూనె పరీక్షించమనండి. ఫ్లోరైడ్ జోలికి పోకండి, మన జిల్లాల్లో అది ముందునుంచే ఉంటుంది, ఎదుటి వకీలు దానితోనే మొత్తం కేసు పక్కకు లాగుతాడు. ఆర్‌డబ్ల్యుఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్ల పాత పరీక్షల ఫలితాలు కూడా తెప్పించండి, పైప్‌కు ముందు నీళ్లెలా ఉండేవో చెప్పేవి అవే. పైపును నీటితో పరీక్షించి ఆ నీళ్లను ఎక్కడ వదిలారో కూడా అడగండి. అరమీటరు కన్నా తక్కువ, 45 సెంటీమీటర్ల వ్యాసమున్న పైపైనా కిలోమీటరుకు 1.6 లక్షల లీటర్లు పడతాయి. తుప్పు పట్టకుండా అందులో రసాయనాలు కలిపి ఉండవచ్చు.

పంచాయతీ తీర్మానం మంచిదే, కానీ అది అర్జీ కాదు. పంచాయతీ పేరునో, పది మంది ఆయకట్టుదార్ల పేరునో అర్జీ వేయండి. పరిహారం కోరకపోతే ఫీజు వెయ్యి రూపాయలు, కోరితే ఒక శాతం. వంకకు రెండు వైపులా కందకం తిరిగి తవ్వి, బంకమట్టి అడ్డుకట్టలు వేసి, పొరలు పొరలుగా దిమ్మిసతో కొట్టి, పాత మట్టానికి తేవాలని అడగండి. అది పూర్తయ్యేదాకా ఊరికి ట్యాంకర్ నీళ్లు కంపెనీ ఖర్చుతో పంపాలని మధ్యంతర ఉత్తర్వు కోరండి. మీరు పెట్టిన చెక్కు సంతకం ఈ అర్జీకి అడ్డు కాదు, ఆ నీళ్లు మీ ఒక్కరివి కావు గనుక.