చిరిగితే చిరగనీ బిడ్డా

చి. బిడ్డకు మేనత్త ఆశీస్సులు.

మీ అపార్ట్‌మెంట్ పక్కన కడుతున్న బిల్డింగ్ దగ్గర గుడిసెల్లో ఇరవై మంది దాకా పిల్లలున్నారనీ, ఆదివారం పొద్దున రెండు గంటలు వాళ్లతో బొమ్మల కథలు చదివిస్తాననీ మొన్న ఫోన్‌లో అన్నావు. "ఎట్లా మొదలుపెట్టాలి అత్తమ్మా" అని అడిగావు. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ముందు నేను చేసిన తప్పు విను. దేవరకొండ వైపు తండా బడిలో టీచర్‌గా చేరిన కొత్తలో, బడులకు సామాన్లిచ్చే ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే సర్కారు పథకం కింద వచ్చిన పుస్తకాలు కొన్ని ఉండేవి. వాటిలో మంచి బొమ్మల పుస్తకాలూ ఉన్నాయి. స్టాక్ రిజిస్టర్‌లో సంతకం నాది. ఒక్కటి పోయినా నా మెడకు చుట్టుకుంటుందని టెన్షన్. బీరువాలో పెట్టి తాళం వేశా. ఆరేళ్ల తర్వాత తీసి చూస్తే చెదలు. మా బడిలో ఆ పుస్తకాలను అట్ట నుంచి అట్ట దాకా పూర్తి చేసింది అవే. చెదలు తిన్నాయని రాస్తే ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే పిల్లలు చింపి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. ఆ మాట తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

కాబట్టి మొదటి రోజే పుస్తకం చేతికివ్వు, ఇంటికి తీసుకుపోనివ్వు. వానకు తడుస్తుంది, చిన్న తమ్ముడు అట్ట నములుతాడు. చిరిగిన పుస్తకం తెచ్చిన పిల్లను తిట్టకు. టేప్ చేతిలో పెట్టి తననే అంటించమను. ఇంకో సంగతి, సీరియల్ కథలు వద్దు. స్లాబ్ పని అయిపోగానే మేస్త్రి వాళ్లను ఇంకో సైటుకు తీసుకుపోతాడు, వచ్చే ఆదివారానికి ఎవరుంటారో చెప్పలేం. కూర్చున్న చోట అయిపోయే కథలు పెట్టు. పోయేవాళ్లు పుస్తకం పట్టుకుని పోతే పోనీ, అడగకు. చంకలో చెల్లెల్ని వేసుకొచ్చే అక్కలు ఉంటారు. "పాపను ఇంట్లో వదిలి రా" అన్నావంటే ఆ అక్క మళ్లీ రాదు.

బిస్కెట్లు పంచాలని నీకు అనిపిస్తుంది. పంచితే చివర్లో పంచు, ముందు పంచావంటే సగం మంది అక్కడి నుంచే మాయం.

"బొమ్మలు చూస్తున్నారు గానీ చదవట్లేదు" అని నీతో వచ్చే స్నేహితులే అంటారు. మా తండా పిల్లల ఇంటి భాష గోర్ బోలి, అంటే లంబాడీ. వాళ్లకు అమ్మ అంటే యాడి. వాచకం తెరిచి 'అమ్మ' అని పలికిస్తే పలికేవాళ్లు, కానీ ముఖంలో ఏమీ కనబడేది కాదు. అదే రొట్టె చేస్తున్న అమ్మ బొమ్మ చూపిస్తే "యాడి!" అని ముందు అరిచేవాళ్లు, తర్వాతే కింద ఉన్న అక్షరాల వైపు చూసేవాళ్లు. నీ దగ్గర తండాల నుంచి వచ్చినవాళ్లు ఉండొచ్చు, ఒడిశా నుంచి వచ్చినవాళ్లూ ఉండొచ్చు. మొదటి రెండు వారాలు బొమ్మలు చూసి వాళ్ల భాషలోనే కథ చెప్పమను. పుస్తకంలో నక్క ఉంటే వాళ్ల కథలో కుక్క ఉంటుంది. సరిదిద్దకు.

అక్షరాల దగ్గరికి చప్పుళ్లతో రా బిడ్డా. ఇది నేను చాలా ఆలస్యంగా పట్టుకున్న కిటుకు. మూడో తరగతి పిల్లలు కూడా గుణింతాల దాకా బాగానే వచ్చి ఒత్తుల దగ్గర ఆగిపోతారు. 'పుస్తకం', 'శాస్త్రం' అనగానే నోరు మూతపడుతుంది. బొమ్మల కథల్లో చూడు: కోతి కిందపడితే 'ధబ్బు', బెలూన్ పేలితే 'ఢమ్మని', దయ్యాన్ని చూస్తే 'కెవ్వు', మందు మింగితే 'గుటుక్కు', టైరు గాలి పోతే 'తుస్సు'. అన్నీ ఒత్తులే! అవి ఒత్తులని వాళ్లకు చెప్పకు. నువ్వు కథ చదువుతూ పో, చప్పుడు వచ్చిన చోట వేలు పెట్టి ఆగు, అందరూ కలిసి అరవాలి. నాలుగు వారాల్లో చప్పుళ్లన్నీ చూసి చదువుతారు. కెవ్వులోని 'వ్వు' వచ్చిన పిల్లకు పువ్వు, నవ్వు, గువ్వ ఎంతసేపు?

మాటల బుడగల్లో ఏది ముందు చదవాలో వాళ్లకు తెలియదు. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి వేలితో చూపించు. మబ్బులా ఉన్న బుడగ మనసులో అనుకునే మాటని చెప్తే భలే సంబరపడతారు, ఆ రోజంతా ఒకరి గురించి ఒకరు మనసులో అనుకుంటూనే ఉంటారు. కథ అయ్యాక నీతి అడగకు. ప్రశ్నలు ఎదురవుతాయని తెలిస్తే మళ్లీ బడిలో కూర్చున్నట్టే కూర్చుంటారు.

పుస్తకాలకు పెద్ద ఖర్చేం లేదు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతవి దొరుకుతాయి. సికింద్రాబాద్‌లో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లవి తక్కువ ధరకే వస్తాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు స్థాయిల వారీగా ఉంటాయి, ఉచితంగా డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీసుకోవచ్చు. కొనేటప్పుడు బుడగలో అక్షరాలు ఎంత పెద్దవో చూడు. ఇరుకు బుడగలో ఒత్తు చీమ తలకాయంత ఉంటుంది, నాకే కళ్లద్దాలు కావాలి.

అమర్ చిత్ర కథ పాత సంచికలు తెలుగులో దొరికితే తీసుకో, కానీ ముందు నువ్వు తిరగేసి చూడు. చాలా వాటిలో రాజులు, దేవతలు తెల్లగా, రాక్షసులు నల్లగా ఉంటారు. ఒకసారి మా పిల్లాడు రాక్షసుడి మీద వేలు పెట్టి "టీచర్, మా బాపు" అన్నాడు. క్లాసంతా నవ్వింది, వాడూ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అంబేద్కర్ మీద కూడా వాళ్ల సంచిక ఉంది, అది దొరికితే వదలకు.

చిన్నప్పుడు మేం చందమామ రాగానే ఫోటో వ్యాఖ్యల పోటీ పేజీ తీసేవాళ్లం, గుర్తుందా, మీ నాన్నా నేనూ దానికోసం కొట్టుకునేవాళ్లమని చెప్పాను. రెండు ఫోటోలు, ఒక్కోదానికి ఒక్కో మాట. ఆ ఆటే పిల్లలతో ఆడించు. బుడగల మీద తెల్లకాగితం అంటించి వాళ్ల మాటలు రాయమను. "మహారాజా, తమరి ఆజ్ఞ" ఉన్న చోట మావాడొకడు "ఏం సేటూ, కూలి ఎప్పుడిస్తావ్" అని రాశాడు. టింకిల్ అనే ఇంగ్లిష్ బొమ్మల పత్రిక పాతవి ఇట్లాగే తెలుగు చేసుకోవచ్చు.

కొంచెం చెయ్యి తిరిగాక సొంతంగా గీయించు. గ్రాస్‌రూట్స్ కామిక్స్ అని నాలుగు గడుల పద్ధతి ఒకటి ఉంది: రెండు ఏ4 కాగితాలు అతికించి నాలుగు గడులు గీసి, కథ చెప్పి గోడకు అంటించడమే. ఒక నాలుగో తరగతి పిల్ల గీసింది చెప్తా. మొదటి గడిలో అమ్మానాన్న మూటలతో హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. రెండో దాంట్లో నానమ్మ, మేక. మూడో దాంట్లో ఫోన్ మోగుతోంది. నాలుగో గడిలో పిల్ల చెవి దగ్గర ఫోన్, అందులోంచి పెద్ద బుడగ, లోపల ఏమీ లేదు. రాయడం మర్చిపోయిందనుకుని పెన్సిల్ ఇచ్చా. "రాయొద్దు టీచర్, సిగ్నల్ లేదు" అంది.

ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. అది మాత్రం ఇవ్వను. చెదలకు దక్కని పుస్తకాలు పదకొండు, కట్ట కట్టి శనివారం దేవరకొండ బస్సు పార్సిల్‌లో వేస్తున్నా. టేపు చుట్టలు రెండు పెట్టాను. కట్ట విప్పగానే ఫోన్ చెయ్యి.

నీ మేనత్త