అమ్మమ్మగారి ఇత్తడి గంగాళాన్ని యాంటిక్ అనొచ్చా? అక్క అమెరికా తీసుకెళ్తానంటోంది

యాంటిక్ అన్న మాటను మన దగ్గర ఎవరికి నచ్చినట్టు వాళ్లు వాడుతున్నారు. నగల దుకాణంలో యాంటిక్ హారం అంటే పాత హారం కాదు. కొత్త బంగారానికే మెరుపు తగ్గించి, కాస్త ముదురు రంగు తెప్పిస్తారు. పాత ఫర్నిచర్ అమ్మేవాళ్లు యాభై ఏళ్ల టేకు కుర్చీని కూడా ఆ పేరుతోనే అమ్ముతారు. వ్యాపారం వరకు సరే గానీ, మీ గంగాళం దేశం దాటాలంటే చూడాల్సింది చట్టాన్నే.

1972లో చేసిన పురావస్తువుల చట్టం 1976 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నాణెం, శిల్పం, చిత్రం, పనితనం ఉన్న వస్తువు ఏదైనా కనీసం 100 ఏళ్ల నాటిదైతేనే పురావస్తువు. విలువైన రాతప్రతులకు మాత్రం 75 ఏళ్లు చాలు. మీ ఇంట్లో తాళపత్రాలు, పాత దస్తావేజులు ఉంటే గంగాళం కంటే ముందు వాటిని జాగ్రత్త చేయండి.

ఇక వయసు ఎలా తెలుస్తుందంటారా? గిన్నె అంచు కింద చూడండి. మన పెద్దవాళ్లు సామాను మీద పేర్లు కొట్టించేవారు. మా ఇంట్లో అటక మీంచి దింపిన బిందె మీద ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలున్నాయి: మా నాయనమ్మ అత్తగారి పేరు, పక్కన 'ఆనంద'. అది తెలుగు సంవత్సరం పేరు. ఆ పేర్లు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తాయి కదా, ఆనంద 1914లోనూ వచ్చింది, 1974లోనూ వచ్చింది. ఒకటైతే నూరేళ్లు దాటినట్టు, రెండోదైతే లేదు. ఆవిడ 1974 నాటికి లేరు కాబట్టి మాది 1914దే అనుకున్నాం. అందుకే సంవత్సరం ఒక్కటీ చూసి నమ్మొద్దు, ఎవరి పేరుందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లున్నప్పుడే అడగాలి. దయచేసి మెషీన్ పాలిష్ మాత్రం పెట్టించకండి, ఆ అక్షరాలు అరిగిపోతే మళ్లీ రావు.

పాత సామాన్లవాళ్లకు యాంటిక్‌తో పనిలేదు, తూకం వేసి ఇత్తడి ధర కడతారు. 'బియ్యాన్ని లాగే పాత చెంబుకు కోట్లొస్తాయి' అంటూ ఎవరైనా వస్తే అది పచ్చి మోసం, రైస్ పుల్లింగ్ పేరుతో చాలామంది డబ్బు పోగొట్టుకున్నారు.

మీ అక్కయ్యగారి విషయానికొస్తే, నూరేళ్లు దాటిన పురావస్తువును మనం సొంతంగా విదేశాలకు తీసుకెళ్లడానికి వీల్లేదు. అంత పాతది కాదనిపిస్తే, పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకోవచ్చు. టికెట్లు కొన్నాక ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడేకంటే ఆ దరఖాస్తు ముందే పెట్టమనండి.