ఓడ ఎక్కేలోపు రెండు గీతలు వస్తే?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 58 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి. మావారికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక మమ్మల్నిద్దర్నీ, మా వియ్యపురాలినీ సింగపూర్ తీసుకెళ్ళి, అక్కడి నుంచి నాలుగు రోజులు క్రూజ్‌లో తిప్పుతామని బెంగళూరులో ఉండే మా అమ్మాయి, అల్లుడు టికెట్లు తీశారు. డబ్బంతా కట్టేశారు, ఇక వెనక్కి రాదట. 2025 మేలో సింగపూర్‌లో కోవిడ్ కేసులు పెరిగాయని టీవీలో చెప్పింది గుర్తొచ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. సరిగ్గా బయల్దేరే ముందు నాకు పాజిటివ్ వస్తే? ఇరవై టెస్టు కిట్లు తెప్పించాను, పద్నాలుగు అయిపోయాయి. మావారు దగ్గుతూ ఇంటికొస్తే చాలు, కిట్టు తీస్తున్నాను. ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు తెనాలిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి. ఇద్దరం రాలేమని చెప్పేద్దామన్నాను. మూడు రోజులుగా ఆయన నాతో మాట్లాడటం లేదు. 2021లో మా అత్తగారు కోవిడ్‌తో పోయారు. ఉగాదికి గుడికెళ్ళొచ్చి నేనే అంటించానని మా ఆడపడుచు అంది. ఒకవేళ రెండు గీతలు వస్తే, ఎవరికీ చెప్పకుండా మాస్కు పెట్టుకుని ఓడ ఎక్కేస్తే తప్పా?
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. తప్పే. పాపపుణ్యాల సంగతి పక్కన పెట్టండి. అంత చిన్న గదుల్లో మీ మనవడో మనవరాలో మీ ఒళ్ళోనే పడుకుంటారు, మీ వియ్యపురాలు మీ పక్కనే కూర్చుని భోంచేస్తారు. దాచి ఎక్కితే ఆ నాలుగు రోజులూ మీరు సముద్రాన్ని చూడరు, ఎవరు తుమ్మారా అని చూస్తూ కూర్చుంటారు. పైగా సింగపూర్ వెళ్ళేముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అందులో ఆరోగ్యం గురించి అడుగుతారు, అబద్ధం రాస్తే అక్కడ నేరం. అది నింపేది మీ అల్లుడే అయి ఉంటాడు. మీరు దాచిన దానికి అతని చేత అబద్ధం రాయించినట్టవుతుంది.

ఇక మీవారి దగ్గు. గుంటూరులో పుట్టి పెరిగి, మిర్చి యార్డు నుంచి వచ్చిన మనిషి దగ్గితే కిట్టు తీశారా! చదివి కాసేపు నవ్వుకున్నాను, ఏమీ అనుకోకండి. మిర్చి టిక్కీలు (బస్తాలు) విప్పి కలియబెడుతుంటే ఆ కోరుకి కొత్తవాళ్ళు యార్డు గేటు దగ్గరే పొలమారిపోతారు. సీజన్లో తుమ్మని మనిషి అక్కడ ఉండడు. ఘాటు వల్ల వచ్చే దగ్గు చాలావరకు యార్డులోనే పట్టుకుంటుంది. ఇంటికొచ్చి బట్టలు మార్చి, మొహం కడిగి, గోరువెచ్చని నీళ్ళు తాగాక తగ్గుముఖం పడుతుంది. ఆదివారం నాడు కనపడదు. అలా కాకుండా జ్వరం, ఒళ్ళునొప్పులు, మింగుడుపడని గొంతునొప్పి తోడై రాత్రి కూడా వదలకపోతే అప్పుడు టెస్టు చేయండి. రెండు మూడు వారాలు దాటినా ఆ దగ్గు పోకపోతే మాత్రం కోవిడ్ సంగతి వదిలేసి ఛాతీ డాక్టరుకి చూపించండి. ఏళ్ళ తరబడి ఆ ధూళిలో నిలబడే మనిషి కదా.

ఆ పద్నాలుగు కిట్లు మీకు ఏం చెప్పాయి? ఆ పూట ముక్కులో దొరికేంత వైరస్ లేదని చెప్పాయి, అంతే. మర్నాటికి వాటికి విలువ లేదు, అందుకే పొద్దున్నే మళ్ళీ కిట్టు విప్పబుద్ధవుతుంది. ఇంట్లో చేసుకునే యాంటీజెన్ టెస్టు లక్షణాలు ఉన్నప్పుడు పనికొస్తుంది. లక్షణాలుండి ఒక్క గీతే వస్తే రెండు రోజులాగి మళ్ళీ చూడాలి. ఏ బాధా లేకుండా ఊరికే ల్యాబుకెళ్ళి ఆర్టీపీసీఆర్ చేయించుకోవద్దు. ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన దాని ఆనవాళ్ళు కూడా అందులో వారాల తరబడి, ఒక్కోసారి మూడు నెలల దాకా దొరుకుతాయి. కోరి తెచ్చుకునే టెన్షన్ అది.

మీ కళ్ళముందు తిరుగుతున్న ఓడ 2020 నాటిది. ఆ ఫిబ్రవరిలో జపాన్‌లోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడని నిలిపేశారు. అందులో ఉన్న 3,711 మందిలో 700 మందికి పైగా కోవిడ్ వచ్చింది. రోజూ టీవీలో ఆ బాల్కనీల్లో నిలబడ్డ జనాన్ని చూశాం. అప్పటికి టీకా లేదు, ఆ రోగం సంగతే సరిగ్గా తెలీదు. ఆ తర్వాత చాలా మారింది. అమెరికాలో క్రూజ్‌ల కోసం పెట్టిన ప్రత్యేక కోవిడ్ కార్యక్రమాన్ని 2022 జూలైలో ఆపేశారు. టీకా వేసుకోనివాళ్ళు నెగెటివ్ రిపోర్టు తేవాలన్న నిబంధనని సింగపూర్ 2023 ఫిబ్రవరిలో తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. ఇప్పుడు చాలా ఓడల్లో టెస్టు రిపోర్టు అడగరు, జ్వరం ఉందా, వాంతులు విరేచనాలు ఉన్నాయా అని ఒక ఫారం నింపిస్తారు. మీ ఓడ నిబంధన ఏమిటో మీ అమ్మాయి బుకింగ్ కాగితాల్లోనే ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో పంపమని చదువుకోండి, టీవీ కంటే అది నయం. వాంతులంటే గుర్తొచ్చింది, ఓడల మీద వాంతులు, విరేచనాలతో జనాన్ని మంచాన పడేసేది ఎక్కువగా నోరోవైరస్. దానికి శానిటైజర్ అంతగా పనిచేయదు. బఫే దగ్గరికెళ్ళే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇక్కడ కుదించి వేశాం గానీ మీ ఉత్తరం నాలుగు పేజీలు. కిట్ల లెక్క ఉంది, టికెట్ల ఖరీదు ఉంది, వియ్యపురాలి ముందు మాట పడాల్సొస్తుందన్న భయం మూడు చోట్ల ఉంది. అత్తగారి సంగతి ఒకటిన్నర లైను. 'నేనే అంటించానని' అన్న మాట రాసి, కొట్టేసి, పక్కనే మళ్ళీ రాశారు. మీకు జ్వరమంటే భయం లేదమ్మా. జ్వరం వస్తే నాలుగు మాత్రలు మింగుతారు. 'ఈవిడ వల్లే' అన్న మాట మళ్ళీ వినాల్సి వస్తుందేమోనని భయం. ఒకసారి అత్తగారి విషయంలో విన్నారు, ఇంకోసారి వియ్యపురాలి ముందు వినలేరు.

ఆ మాటకి ఆధారం లేదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళో ఎవరికి ఎవరి నుంచి వచ్చిందో తేల్చి చెప్పగలిగిన డాక్టరు లేడు. ఇంటికి పాలు వచ్చేవి, మందులు వచ్చేవి, మీవారు బయటికి వెళ్ళొచ్చేవారు. గుడికెళ్ళింది మీరొక్కరే కాబట్టి ఆ రోజొక్కటే అందరికీ గుర్తుండిపోయింది. తల్లిని ఆఖరిసారి దగ్గర నుంచి చూసుకోలేకపోయిన కూతురు ఎవరో ఒకరి మీద విరుచుకుపడాలి కదా, అందుబాటులో ఉన్నది వదిన. ఆమె అన్నది న్యాయమని నేను అనడం లేదు. కానీ ఆ మాట అన్న మనిషి ఇప్పుడు కూతురి పెళ్ళికి పిలుస్తోంది. మీరు కోవిడ్ పేరు చెప్పి రానంటున్నారు. ఆమెకి అది ఎలా వినపడుతుందో ఒక్కసారి ఆలోచించండి.

మీవారు మూడు రోజులుగా ఎందుకు మాట్లాడటం లేదో నాకు అర్థమైంది. ఆయన పెళ్ళికూతురి మేనమామ. బుట్టలో కూర్చోబెట్టి పిల్లని మండపానికి తీసుకురావాల్సిన మనిషి. ఆయన్ని ఇంట్లో ఉండమంటే ఆ బుట్ట ఎవరు పట్టుకుంటారు? మీ సింగపూర్ ఫొటోలు ఆ పెళ్ళి ఆల్బం పక్కన పెట్టి చూసుకోవాల్సింది ఆయనే కదా.

అందుకని పెళ్ళికి వెళ్ళండి. తొమ్మిది రోజులు నిజానికి మంచి ఎడమే. ఇప్పటి రకాల్లో లక్షణాలు ఎక్కువమందికి రెండు నుంచి నాలుగు రోజుల్లో బయటపడతాయి. పెళ్ళిలో అంటుకున్నా తెలిసిపోవడానికి, చాలామందిలో తగ్గిపోవడానికి కూడా కొంత వ్యవధి ఉంటుంది. గ్యారంటీ అని కాదు, మూడు రోజుల ముందు పెళ్ళి అయ్యుంటే వేరే మాట చెప్పేదాన్ని. మీరు ముహూర్తానికి వెళ్ళి తలుపు దగ్గర గాలి ఆడే చోట కూర్చోండి. మాస్కు పెట్టుకోండి, ఎవరైనా నవ్వితే 'షుగరు మనిషిని' అనండి, చాలు. తలుపులు మూసిన ఏసీ హాల్లో రిసెప్షన్ లైనులో గంటసేపు నిలబడటం మానేయండి. వచ్చాక చివరి ఐదారు రోజులు మాత్రం కొంచెం కట్టుదిట్టంగా ఉండండి. బజారు, బ్యూటీ పార్లరు, వీడ్కోలు విందులు వద్దు. నేనూ 2022 సంక్రాంతికి, ఏసీ పడక గొంతు బొంగురు పోయిందని చెప్పుకుంటూ ఒక షష్టిపూర్తిలో బంతి మధ్యలో కూర్చున్నాను. మా పిన్ని వారం రోజులు మంచం పట్టింది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడం ఎంత కష్టంగా ఉంటుందో నాకు తెలుసు.

ఇక మీ అమ్మాయితో మాట్లాడాల్సింది. ఇది బయల్దేరే రోజు తెల్లవారుజామున కాదు, ఈ ఆదివారమే. 'నాకు గానీ, నాన్నకి గానీ పాజిటివ్ వస్తే మేమిద్దరం ఆగిపోతాం. మీరు, మీ అత్తగారు, పిల్లలు వెళ్ళండి. మా ఇద్దరి టికెట్ డబ్బు పోతే పోతుంది' అని చెప్పండి. 'నువ్వు రాకపోతే మేమూ వెళ్ళం' అంటుంది. ఒప్పుకోవద్దు. ఆ మాటే మిమ్మల్ని కిట్ల దగ్గర కూర్చోబెడుతోంది. మీ దగ్గుతో అందరి ప్రయాణం ఆగదని ముందే తేలిపోతే, ఆ దగ్గు మళ్ళీ మామూలు దగ్గవుతుంది. వియ్యపురాలికి కూడా మీరే చెప్పండి, 'వదినగారూ, ఒంట్లో బాగోకపోతే ఎవరం దాచొద్దు' అని. ఆవిడ కూడా ఇదే భయంతో ఉన్నారేమో ఎవరికి తెలుసు!

ఇన్సూరెన్సు తీసుకున్నారో లేదో అల్లుడిని అడగండి. తీసుకుంటే ప్రయాణం ముందు కోవిడ్ వస్తే డబ్బు ఇస్తారా, డాక్టరు రిపోర్టు కావాలా, షుగరు బీపీ ఉన్నట్టు రాశారా అన్నవి చూడమనండి. ఓడలో డాక్టరు ఉంటాడు గానీ ఫీజు మన లెక్కలో ఉండదు. మీ డాక్టరుని ఒకసారి కలిసి, మందుల చీటీ రాయించుకుని, మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి. మీకు షుగరు ఉంది కాబట్టి పాజిటివ్ వస్తే ఇంటి వైద్యంతో రోజులు గడపకుండా మొదటి రోజే డాక్టరుకి ఫోన్ చేయాలి.

మిగిలిన ఆరు కిట్లలో రెండు సూట్‌కేసులో పెట్టండి. నాలుగు మీవారి చేతికిచ్చి బీరువా తాళం వేయమనండి. అడిగితే ఎందుకో ఆయనకి చెప్పి తీసుకోవాలి, అదొక్కటే షరతు.

వీటన్నిటికంటే ముందు ఒక ఫోన్ ఉంది. ఈ సాయంత్రం ఆడపడుచుకి చేయండి. అత్తగారి సంగతి ఎత్తొద్దు, ఇప్పుడు పెళ్ళిపనుల్లో తలమునకలై ఉంటుంది. బుట్టకి ఎవరికి చెప్పారో, మీవారు ఏ రోజుకి రావాలో అడగండి.