సంతకం చేసి ధ్రువీకరించని ఒప్పందం: జవాబులో తప్పిన మెట్టు

“ఒప్పందంపై సంతకం చేసి, ధ్రువీకరించని (అంటే తుది ఆమోదం తెలపని) దేశానికి బాధ్యత ఉంటుందా?” అన్న ప్రశ్నకు మీరు రాసిన జవాబులో, “ధ్రువీకరించలేదు కాబట్టి ఆ దేశానికి ఏ బాధ్యతా లేదు” అన్న చివరి వాక్యం దగ్గరే మార్కులు పోయి ఉంటాయి. సంతకాన్ని, ధ్రువీకరణను వేరుచేసి చూపడం వరకు మీ జవాబు సరైనదే.

1. ముందుగా ఒప్పందం పాఠం చూడండి. కొన్నిటికి కట్టుబడటానికి సంతకమే సరిపోతుంది.

2. ఒప్పందాల చట్టంపై 1969 నాటి వియన్నా ఒడంబడికలోని 18వ అధికరణ ప్రకారం, ధ్రువీకరణకు లోబడి సంతకం చేసిన దేశం, తాను అందులో చేరబోనని స్పష్టం చేసేంతవరకు, ఆ ఒప్పందం లక్ష్యాన్ని, ప్రయోజనాన్ని దెబ్బతీసే చర్యలకు దూరంగా ఉండాలి.

3. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే: ఆ ఒప్పందంలోని నియమం ఆచార చట్టంగా (ఒప్పందంతో పనిలేకుండా, దేశాల ఆచరణ నుంచి పుట్టి వాటిని కట్టడి చేసే చట్టంగా) కూడా ఉందా అని పరిశీలించాలి. అందుకు దేశాల స్థిరమైన ఆచరణ, అది చట్టరీత్యా తప్పనిసరి అన్న విశ్వాసం రెండూ కనబడాలి. ఆచరణ ఒక్కటే చూపితే చాలదు. అమెరికాపై నికరాగువా వేసిన కేసులో 1986లో వచ్చిన తీర్పు దీనికి చక్కని ఉదాహరణ. న్యాయస్థానం విచారణాధికారాన్ని అంగీకరిస్తూ అమెరికా పెట్టిన షరతు వల్ల ఐక్యరాజ్యసమితి చార్టర్‌ను నేరుగా వర్తింపజేయలేకపోయిన అంతర్జాతీయ న్యాయస్థానం, బలప్రయోగ నిషేధం ఆచార చట్టంలో విడిగా నిలిచి ఉందని గుర్తించి, దాని ఆధారంగానే అమెరికా ఉల్లంఘనకు పాల్పడిందని తేల్చింది. నా దృష్టిలో ఈ ఒక్క తీర్పును సరిగా వివరిస్తే సగం జవాబు రాసినట్టే.

4. ఆచారం రూపుదిద్దుకుంటున్న దశ నుంచే ఎడతెగక అభ్యంతరం తెలిపిన దేశాన్ని ఆ నియమం కట్టడి చేయదు. జాతి నిర్మూలన నిషేధం వంటి అనుల్లంఘనీయ నియమాలకు మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

కనుక ఆ వాక్యాన్ని “ఒప్పంద పక్షంగా బాధ్యత లేదు, 18వ అధికరణ కింద, ఆచార చట్టం కింద బాధ్యత ఉండవచ్చు” అని మార్చండి.