స్కాన్ ఎక్కడ ఆగిందో చెప్పు

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఊపిరితిత్తుల్లోని గాలి దారులను కంప్యూటర్‌లో ఎలా కడతారో తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. భాష కూడా హాయిగా నడిచింది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను: "సీటీ స్కాన్‌లో వాయునాళం నుంచి వాయుగోణుల దాకా అంతా కనిపిస్తుంది" అన్నావు. చివరనుండే ఆ చిన్న గాలి సంచుల దాకా కనిపించదమ్మా.

వీలు చూసుకుని ఒకసారి రేడియాలజీ గదిలో కూర్చో. నేను కూర్చున్న రోజు డాక్టరుగారు మౌస్ చక్రం తిప్పుతుంటే, ఛాతీ పొరపొరగా కిందికి దిగుతూ వచ్చింది. నడుమ నల్లటి గుండ్రని మచ్చ, అదే వాయునాళం. కొన్ని పొరలు దిగాక అది అడ్డంగా సాగింది. ఇంకాస్త దిగితే నడుము సన్నబడి, పక్కకు పడుకోబెట్టిన 8 అంకెలా అయింది. ఆ తర్వాత రెండు మచ్చలు. మనిషికి కుడివైపు నాళం కాస్త వెడల్పు, ఎక్కువ నిటారు. పొరబోయిన వేరుశనగ గింజ ఎక్కువగా అటు జారేది అందుకే.

అక్కణ్ణుంచి చీలే కొద్దీ మచ్చలు చిన్నవవుతాయి, గోడలు పల్చబడతాయి. మామూలు స్కాన్‌లో బొమ్మ చిన్న చిన్న గడులుగా ఉంటుంది, ఒక్కో గడి సుమారు అర మిల్లీమీటరు. గోడ అంతకన్నా బాగా పల్చనైతే కంప్యూటర్‌కి అది ఆనదు. వాయునాళంలో ఒక చుక్క పెట్టి, ఆ నలుపు వెంట పాకమని చెబితే, పల్చని చోట గట్టు తెగిన కాలువలా ఊపిరితిత్తంతా నింపేస్తుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు దాన్ని లీకేజ్ అంటారు. నువ్వూ ఆ మాటే వాడు, కొత్త సంస్కృత పదం కట్టకు.

మరి కంప్యూటర్ బొమ్మలో కనిపించే లోపలి సన్నని కొమ్మలు ఎక్కడివి? 1963లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఎవాల్డ్ వైబెల్, కొలతలు తీసి, 23 సార్లు రెండేసిగా చీలే నమూనా ఇచ్చాడు. మొదటి 16 తరాలు, అంటే 16 వరుసల చీలికలు, గాలిని మోయడానికే. ఒక్కో చీలికకు వ్యాసం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. కానీ అది రెండు వైపులా సమానంగా చీలే చెట్టు. మన ఊపిరితిత్తుల్లో కుడివైపు మూడు తమ్మెలు (లోబ్‌లు), ఎడమవైపు రెండే. అందుకే తర్వాతివాళ్లు, న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్ విశ్వవిద్యాలయం బృందం లాంటివాళ్లు, పెద్ద కొమ్మలను స్కాన్ నుంచి తీసుకుని, ఒక్కో తమ్మె లోపలి చోటును భాగాలుగా పంచుకుంటూ మిగతా కొమ్మలను లెక్కతో పెంచారు. ఇన్‌హేలర్ మందు ఎక్కడ పడుతుందో అంచనా వేసేది ఇలాంటి నమూనాల మీదే.

నీ వ్యాసానికి ప్రాణం ఈ భాగమే. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు.

ఎప్పుడో నేనూ ఇలాంటి రంగుల బొమ్మ కింద "రోగి ఊపిరితిత్తుల ఫోటో" అని రాశాను. ఆస్తమా ఉన్న పిల్లాడి తండ్రి ఆ పేజీ మడిచి జేబులో పెట్టుకొచ్చి, "మా వాడికి ఏ కొమ్మ మూసుకుందో ఇందులో తెలుస్తుందాండీ?" అని అడిగాడు. సన్నని కొమ్మలు ఎవరి స్కాన్‌లోవీ కావని ఆయనకు చెప్పడం నాకు చాలా కష్టమైంది.

ఆ పేరా పెంచి మళ్లీ పంపు. బొమ్మలో స్కాన్ చూసిన కొమ్మలకు ఒక రంగు, లెక్కతో పెంచినవాటికి ఇంకో రంగు వేయించు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు